ఓడిన తరువాత ఏం చేయాలి: శివాజీ జీవితంలో 1665 నుంచి 1670 దాకా చదువుకునే పద్ధతి

శివాజీ అనగానే మనవాళ్లకు రెండు బొమ్మలు కళ్లముందుకొస్తాయి. అఫ్జల్‌ఖాన్ కౌగిట్లో పులిగోళ్లు, ఆగ్రాలో మిఠాయి బుట్టలు. పిల్లలకు చెప్పడానికి రెండూ బాగుంటాయి. వ్యాపారంలో దెబ్బతిన్నవాడికి, పరీక్ష పోయినవాడికి, ఉద్యోగం ఊడినవాడికి మాత్రం వాటిలో పనికొచ్చేది తక్కువ. వాళ్లకు కావలసింది పాఠ్యపుస్తకం ఒకటి రెండు వాక్యాల్లో దాటేసే చోట ఉంది. 1665 జూన్‌లో పురంధర్ కొండ కింద సంధికి ఒప్పుకున్న రోజు నుంచి 1670 ఫిబ్రవరిలో కొండాణా కోట మళ్లీ చేజిక్కిన రాత్రి వరకు, నాలుగేళ్ల ఎనిమిది నెలలు.

నేను నంద్యాలలో డిగ్రీ విద్యార్థులకు చరిత్ర చెప్పి రిటైరయ్యాను. పాత విద్యార్థులు ఇప్పటికీ ఇంటికొస్తుంటారు. కొందరు సంతోషంగా వస్తారు, కొందరు తల దించుకుని వచ్చి, కాఫీ చల్లారిపోయేదాకా ఏమీ మాట్లాడకుండా కూర్చుంటారు. "మేడమ్, ఏం చేయాలో తోచడం లేదు" అంటారు చివరికి. ఊరికే ధైర్యం చెప్పి పంపడం నాకిష్టం లేదు. కాగితం, పెన్ను ముందు పెట్టి ఈ నాలుగేళ్ల ఎనిమిది నెలలు చదివిస్తాను. ఎలా చదివిస్తానో ఇక్కడ రాస్తున్నాను. ఎవరి సాయం లేకుండా మీరే ఇంట్లో కూర్చుని చేసుకోవచ్చు.

ముందు తేదీలు రాయండి

కాగితం అడ్డంగా పెట్టి ఒక గీత గీయండి. దాని మీద ఇవి వేయండి. 1664 జనవరి, సూరత్ మీద మొదటి దాడి. 1665 జూన్, పురంధర్ సంధి. 1666 జనవరి, పన్హాళా దగ్గర ఎదురుదెబ్బ. 1666 మే 12, ఆగ్రా దర్బారులో అవమానం. అదే ఏడు ఆగస్టు, తప్పించుకోవడం. 1670 ఫిబ్రవరి, కొండాణా. 1672, సాల్హేర్ యుద్ధం. 1674 జూన్ 6, రాయగఢ్‌లో పట్టాభిషేకం. 1677, దక్షిణ దండయాత్ర. 1680 ఏప్రిల్ 3, మరణం.

ఇప్పుడు ఆ గీతను దూరంగా పట్టుకుని చూడండి. 1666 ఆగస్టుకూ 1670 ఫిబ్రవరికీ మధ్య ఖాళీ కనిపిస్తుంది. కథలు చెప్పేవాళ్లు బుట్టలోంచి బయటికి వచ్చిన శివాజీని నేరుగా తీసుకెళ్లి సింహాసనం మీద కూర్చోబెడతారు. ఆగ్రా నుంచి పట్టాభిషేకానికి దాదాపు ఎనిమిదేళ్లు పట్టింది. దెబ్బతిని ఆరు నెలలు కాకముందే "నేనింకా లేవలేకపోయాను" అని కుమిలిపోయే పిల్లలకు ముందు ఆ గీతే చూపిస్తాను. చాలామంది అక్కడే ఒకసారి గట్టిగా ఊపిరి పీల్చుకుంటారు.

పోయినదీ మిగిలినదీ

పురంధర్‌లో ఏం జరిగిందో సరిగ్గా తెలుసుకోండి. 1665 మార్చిలో మీర్జా రాజా జైసింగ్ పెద్ద మొఘల్ సేనతో పుణె చేరాడు. ఆయన తొందరపడే మనిషి కాడు. తన వెంట వచ్చిన సేనాని దిలేర్‌ఖాన్‌ను పురంధర్ ముట్టడికి పెట్టి, ఇంకోవైపు దళాలను పంపి చుట్టుపక్కల ఊళ్లు తగలబెట్టించాడు, పైరు నాశనం చేయించాడు. ఏప్రిల్‌లో పురంధర్‌కు ఆనుకుని ఉన్న వజ్రగఢ్ పోయింది. కోటను కాపాడుతున్న మురార్‌బాజీ దేశ్‌పాండే బయటికి దూకి దిలేర్‌ఖాన్ సేనతో పోరాడి ప్రాణాలిచ్చాడు. శివాజీ ముఖ్యుల కుటుంబాలు ఆ కోటలోనే ఉన్నాయి. కోట ఇంకా పడలేదు, కానీ పడుతుందని తేలిపోయింది. శివాజీ స్వయంగా జైసింగ్ డేరాకు వెళ్లాడు.

ఒప్పందం ఇది. ఏడాదికి 4 లక్షల హొన్నుల (బంగారు నాణేల) రాబడి ఉన్న 23 కోటలు మొఘలులకు ఇవ్వాలి. లక్ష హొన్నుల రాబడి ఉన్న 12 కోటలు శివాజీకి ఉంటాయి. కొడుకు శంభాజీ పేరున 5 వేల మన్సబు, అంటే మొఘల్ కొలువులో హోదా. బిజాపూరు మీద యుద్ధంలో మొఘలులకు సాయం చేయాలి.

ఇది చదివినప్పుడు అందరి కళ్లూ 23 మీదే నిలబడతాయి. మీరు 12 దగ్గర ఆగండి. అందులో రాజ్‌గఢ్ ఉంది, అప్పటి రాజధాని. తోరణా ఉంది. తరువాత పట్టాభిషేకం జరిగిన రాయగఢ్ కూడా ఆ పన్నెండులోనే ఉంది. రాబడిలో ఐదింట నాలుగు వంతులు వదులుకున్నాడు గానీ, మళ్లీ మొదలుపెట్టడానికి ఏ కోటలు కావాలో అవి వదల్లేదు. పైగా పురంధర్ పూర్తిగా కూలక ముందే మాట్లాడటానికి వెళ్లాడు కాబట్టి పన్నెండు అడగగలిగాడు. కోట పడిపోయాక వెళ్లి ఉంటే జైసింగ్ ఏ లెక్క చెబితే ఆ లెక్కకు తల ఊపవలసి వచ్చేది.

మీ కాగితం వెనక్కి తిప్పి రెండు వరుసలు గీయండి. ఎడమవైపు పోయినవి, కుడివైపు మిగిలినవి. ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. "ధైర్యం మిగిలింది, ఆత్మవిశ్వాసం మిగిలింది" అని రాయవద్దు. చేత్తో చూపించగలిగినవే రాయాలి. శివాజీ జాబితాలో ఉన్నవి కొండలు, బురుజులు, కావలివాళ్లు, లెక్క కట్టగల రాబడి.

నా దగ్గర చదివిన అబ్బాయి ఒకడు నంద్యాలలో రెడీమేడ్ బట్టల షాపు బాగా నడుపుతూ, కర్నూలులో రెండోది తెరిచి దెబ్బతిన్నాడు. అద్దె, వడ్డీ కలిసి నంద్యాల షాపు లాభాన్ని కూడా తినేస్తున్నాయి. వచ్చినప్పుడు రెండు షాపులూ మూసేసి బెంగళూరు పోతానన్నాడు. వరుసలు రాయించాను. పోయినవి: కర్నూలు షాపు అడ్వాన్సు, అక్కడి ఫర్నిచరు, కుదువబెట్టిన భార్య నగలు, సీజన్ దాటిపోయిన సరుకు. మిగిలినవి రాయమంటే మొదట పెన్ను కదల్లేదు. నేను ఒక్కొక్కటే అడిగాను. నంద్యాల షాపు లీజు ఎన్నాళ్లుంది? సికింద్రాబాదు హోల్‌సేల్ వాళ్లలో ఇంకా అప్పు మీద సరుకిచ్చేవాళ్లున్నారా? పాత టైలరు ఉన్నాడా? స్కూలు యూనిఫారాల ఆర్డర్లు ఎన్ని? రాస్తూ పోతే కుడివైపు వరుస పెరిగింది. యూనిఫారాలే అతని రాజ్‌గఢ్ అని ఇద్దరికీ ఒకేసారి తట్టింది. బాకీ ఇంకా పెరగకముందే కర్నూలు షాపు యజమానితో కూర్చుని, అడ్వాన్సులో కొంత వదులుకుని బయటపడ్డాడు. నంద్యాల షాపు నిలిచింది.

రెండో వరుస ఖాళీగా ఉందని మీకనిపిస్తే, మిమ్మల్ని బాగా ఎరిగినవాళ్ల చేత రాయించండి. మనకు మిగిలినది మనకన్నా ఇంట్లోవాళ్లకు ముందు కనిపిస్తుంది.

ఓటమికి తోక ఉంటుంది

సంధి తరువాత అంతా చక్కబడిందా? లేదు. ఒప్పందం ప్రకారం మొఘలుల పక్షాన బిజాపూరు మీదికి వెళ్లాడు. 1666 జనవరిలో పన్హాళా కోట మీద దాడి విఫలమైంది. ఆ రోజుల్లోనే అతని సర్నోబతు, అంటే సర్వసేనాని, నేతాజీ పాల్కర్ విడిచిపెట్టి బిజాపూరు వైపు వెళ్లిపోయాడు. సేన మొత్తానికీ పెద్ద దిక్కయిన మనిషి పోయాడంటే ఎంత దెబ్బో ఊహించండి. ఆ పైన ఔరంగజేబు దర్బారుకని ఆగ్రా ప్రయాణం, అక్కడ పంచ్ హజారీ (ఐదు వేల హోదా) మన్సబ్‌దార్ల వరుసలో నిలబెట్టడం, ఆ తరువాత ఇంటి చుట్టూ కావలి. మొదటి దెబ్బ తరువాత ఏడాదికి పైగా పరిస్థితి దిగజారుతూనే వచ్చింది.

ఒక దెబ్బ తగిలాక రెండోది తగిలితే జనం "నా జాతకమే ఇంత" అంటారు. పెద్ద ఓటమికి వెనకాల చిన్నవి వస్తాయి. సంస్థ మూతపడితే ఆ వెనకే ఇన్సూరెన్సు పోతుంది, ఆ వెనకే ఈఎంఐ తప్పుతుంది, ఒక స్నేహితుడు ఫోనెత్తడం మానేస్తాడు. ఇవన్నీ ఒకే ఓటమిలోని భాగాలు. వేర్వేరు శిక్షలుగా లెక్కపెట్టకండి. మీ గీత మీద వాటన్నిటికీ కలిపి ఒకే బ్రాకెట్టు వేయండి.

ఆగ్రాను నెమ్మదిగా చదవండి

బుట్టల గురించి అందరికీ తెలుసు. వాటికి ముందు చేసిన పనులు చూడండి.

1666 మార్చిలో బయలుదేరే ముందే రాజ్యం బాధ్యత తల్లి జిజాబాయికి అప్పజెప్పాడు. ఆమెకు తోడుగా మోరోపంత్ పింగళే వంటి నమ్మకస్తులను ఉంచాడు. అతను దూరదేశంలో ఖైదులో ఉన్న ఆ నెలల్లో మిగిలిన కోటల్లో ఒక్కటీ జారిపోలేదు. రాజు లేకుండా రాజ్యం నడిచింది. నా దృష్టిలో ఆగ్రా కథలో అన్నిటికన్నా గొప్ప విషయం ఇదే. ఇది ఏ నాటకంలోనూ కనిపించదు, ఎందుకంటే ఇందులో చూపించడానికి ఏమీ లేదు.

ఆగ్రాలో కావలి పడ్డాక మొదట చేసిన పని తన వెంట వచ్చిన సేనను ఇంటికి పంపేయడానికి అనుమతి అడగడం. ఔరంగజేబు సంతోషంగా ఒప్పుకున్నాడు, ఒంటరివాడవుతాడు కదా అని. శివాజీకి కావలసిందీ అదే. అంతమంది చిక్కుకుని ఉంటే తాను ఒక్కడూ కదలలేడు. ఆ తరువాత జబ్బు నటన, దానధర్మాలు, బయటికి వెళ్లే పళ్లు, మిఠాయిలు. కావలివాళ్లు మొదట్లో తనిఖీ చేశారు, రోజులు గడిచేకొద్దీ అలవాటుపడ్డారు. తప్పించుకున్న రోజు అతని పక్క మీద నమ్మకస్తుడు హిరోజీ ఫర్జంద్ ముసుగుతన్ని పడుకున్నాడు. తొమ్మిదేళ్ల శంభాజీని మథురలో నమ్మకమైన ఇంట్లో వదిలి తాను వేరుగా వెళ్లాడు, ఇద్దరినీ కలిపి వెతుకుతారని తెలిసి.

దీనికి వెల ఎవరు కట్టారో కూడా రాయండి. శివాజీ మనుషులు త్ర్యంబక్‌పంత్ డబీర్, రఘునాథ్‌పంత్ కోర్డే ఆగ్రాలో పట్టుబడి హింసలు అనుభవించారు. ఎవరైనా ఒక గండం గట్టెక్కారంటే వెనకాల ఇలాంటి పేర్లుంటాయి. మీ విషయంలో ఆ పేర్లెవరివో కాగితం మీద రాసుకోండి. చుట్టం, స్నేహితుడు, మీ తరపున సంతకం పెట్టి ఇప్పుడు బ్యాంకు ఫోన్లకు జవాబు చెబుతున్న జామీనుదారు. మళ్లీ చేతిలోకి డబ్బు వచ్చిన రోజు మొదట ఎవరి దగ్గరికి వెళ్లాలో అప్పుడు వెతుక్కోనక్కరలేదు.

ఆగ్రా నుంచి ఏ దారిన ఇల్లు చేరాడు, ఏ వేషంలో వెళ్లాడు అన్న దానిపై గ్రంథకర్తలు తలో మాటా చెబుతారు. అందరూ ఒప్పుకునే చోట మాత్రమే పాఠం తీసుకోండి. దారి సంగతి పక్కన పెట్టినా మనకేమీ లోటు లేదు.

ఖాళీగా కనిపించే మూడేళ్లు

ఇక్కడ ఎక్కువసేపు కూర్చోండి. 1667, 1668, 1669. పేరు మోసిన యుద్ధం ఒక్కటీ లేదు.

ఇల్లు చేరిన శివాజీ వెంటనే కత్తి తీయలేదు. ఔరంగజేబుకు వినయంగా ఉత్తరం రాశాడు. నిండు సభలో తనను అవమానించిన మనిషికి! 1668లో ఔరంగజేబు 'రాజా' బిరుదు ఇస్తే పుచ్చుకున్నాడు. శంభాజీ పేరున మన్సబు, బీరారులో జాగీరు వచ్చాయి. ప్రతాపరావ్ గుజర్ వెంట గుర్రపు దళాన్ని ఔరంగాబాదుకు పంపాడు, ఔరంగజేబు కొడుకు ముఅజ్జం దగ్గర కొలువుకు. 1667 డిసెంబరులో పోర్చుగీసువాళ్లతో ఒప్పందం చేసుకున్నాడు. నలువైపులా తగాదాలు చల్లార్చి ఇంటి పని పట్టించుకున్నాడు.

ఆ ఇంటి పని ఏమిటి? అతని పాలన గురించి సభాసద్ బఖరు (సభాసద్ రాసిన మరాఠీ చరిత్ర గ్రంథం) చెప్పేది చూడండి. భూమిని కాఠీతో (కొలకర్రతో) కొలిపించడం. ఎద్దులు, విత్తనాలు లేని రైతుకు అప్పు ఇచ్చి, రెండు నాలుగేళ్లలో తేలిగ్గా తీర్చేలా చూడటం. ఉద్యోగులకు జాగీర్లు కాకుండా ఖజానా నుంచి జీతం ఇవ్వడం. ఒక్కో కోటకు ఒక్కడే అధికారి లేకుండా హవల్దారు, సబ్నీసు, సర్నోబతు అని ముగ్గురిని పెట్టి, ఏ ఒక్కడూ కోటను శత్రువుకు అప్పగించకుండా కట్టడి చేయడం. నేతాజీ పాల్కర్ ఒక్కడు వెళ్లిపోతే ఏమైందో చూసినవాడికి ఈ ముగ్గురి కట్టడి విలువ ఎంతో తెలిసి ఉండాలి. ఇది నా ఊహే అనుకోండి, కానీ పాఠం చెబుతున్నప్పుడల్లా ఈ రెండూ నాకు పక్కపక్కనే కనిపిస్తాయి.

ఇంకొకటి. మాల్వణ్ తీరంలో సింధుదుర్గం అనే సముద్ర కోట ఉంది. పని 1664 నవంబరులో మొదలై 1667లో పూర్తయింది. మీ గీత మీద ఆ రెండు తేదీలూ వేసి చూడండి. పురంధర్ పోయినప్పుడు ఆ రాళ్లు లేస్తున్నాయి. రాజు ఆగ్రాలో ఖైదులో ఉన్నప్పుడూ లేస్తున్నాయి. 23 కోటలు చేజారిన మనిషి ఇరవై నాలుగో కోట కట్టడం ఆపలేదు. మొదటిసారి ఈ రెండు తేదీలు పక్కపక్కన పెట్టి చూసినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది.

కాబట్టి ఈ మెట్టులో మీరు రాయవలసింది రెండు సంగతులు. ఎవరితో తగాదా ఇప్పుడు ఆపాలి? ఏ పని ఏం జరిగినా ఆపకూడదు?

మొదటిదానికి పౌరుషం అడ్డమొస్తుంది. గ్రూప్-2 రెండోసారి మెయిన్స్‌లో పోయిన అమ్మాయి ఒకతె వచ్చింది. గ్రామ సచివాలయంలో ఉద్యోగం చేస్తోంది. అక్కడి పై అధికారికీ ఆమెకూ పడదు. "రాజీనామా చేసి హైదరాబాదులో కోచింగ్‌కు పోతాను మేడమ్, వాడి మొహం చూడలేను" అంది. ఔరంగజేబుకు రాసిన ఉత్తరం గురించి చెప్పాను. ఆ ఉద్యోగం జీతమిస్తోంది, అందులో చేసే పనే పరిపాలన పేపరులో ప్రశ్నగా వస్తోంది. శివాజీ గుర్రపు దళం కొన్నాళ్లు మొఘల్ జాగీరు రాబడి మీద బతికినట్టే ఇదీ. ఆమె అధికారితో మాట్లాడి, పని పంచుకుని, గొడవ ఆపింది. ఆపకూడని పనిగా పొద్దున ఐదు నుంచి ఏడున్నర దాకా చదువు పెట్టుకుంది. ఊళ్లో జాతర వచ్చినా, ఇంట్లో పెళ్లి వచ్చినా ఆ రెండున్నర గంటలు ఉండాల్సిందే. ఇంకా ఫలితం రాలేదు. కానీ నా ఇంటికి వచ్చినప్పుడు తల ఎత్తి మాట్లాడుతోంది.

మౌనంగా ఉన్న రోజుల్లో చుట్టుపక్కలవాళ్లు మీ పని అయిపోయిందంటారు. 1668లో శివాజీ గురించి కూడా ఢిల్లీలో ఎవరైనా అదే అనుకునేవాళ్లు, పాదుషా బిరుదు పుచ్చుకుని అణిగిపోయాడని. వాళ్లకు జవాబు చెప్పే పని పెట్టుకోకండి.

మొదటి అడుగు ఎక్కడ వేయాలి

1669 చివరికి శాంతి చెడింది. ఆగ్రా ప్రయాణం ఖర్చులకని అప్పట్లో ఇచ్చిన లక్ష రూపాయలను ఔరంగజేబు బీరారు జాగీరు మీద వసూలు చేయబోవడం దీనికొక కారణం. దక్కనులో ముఅజ్జంకూ దిలేర్‌ఖాన్‌కూ పడలేదు. ఎదుటివాళ్లు చీలి ఉన్నారు, ఇంట్లో అన్నీ సిద్ధంగా ఉన్నాయి. అప్పుడు కదిలాడు.

ఎక్కడ? పుణె పక్కనే ఉన్న కొండాణా, ఇవాళ సింహగఢ్ అంటున్న కోట. 1665లో ఇచ్చేసిన 23లో అదొకటి. 1670 ఫిబ్రవరి 4 రాత్రి శివాజీ సేనాని తానాజీ మాలుసరే కొండప్రాంతపు సైనికులైన మావళులతో కొండ ఎక్కాడు. మొఘలుల కిల్లేదారు (కోట అధికారి) ఉదయభాను రాథోడ్, తానాజీ ఇద్దరూ ఆ పోరులో చనిపోయారు, కోట చేతికొచ్చింది. ఉడుము నడుముకు తాడు కట్టి ఎక్కారన్న కథ ఉంది, దాన్ని కథగానే ఉంచండి. నెల దాటగానే మార్చి 8న శివాజీ తరపున నీలోపంత్ పురంధర్‌ను పట్టుకున్నాడు. ఏ కొండ కింద తల వంచాడో ఆ కొండ! ఆ ఏడాదిలోనే పోయిన కోటలు ఒక్కొక్కటిగా చాలా మటుకు తిరిగొచ్చాయి.

వరుస గమనించండి. ముందు ఇంటి దగ్గరి కోట, తనకు రాయి రాయీ తెలిసినది, పోతే రాజ్యమంతా కూలిపోనిది. సూరత్ మీదికి రెండోసారి వెళ్లింది అక్టోబరులో. మైదానంలో మొఘలులను ఎదురెదురుగా ఓడించిన సాల్హేర్ 1672లో. అవమానం ఆగ్రాలో జరిగింది కదా అని ఆగ్రా మీదికి పోలేదు.

మీ కాగితం మీద ఎడమ వరుసలో పోయినవాటిలో ఏది మీకు బాగా తెలిసినది, దగ్గరిది, చిన్నది? దానికి గుండ్రంగా చుట్టండి. బట్టల షాపు అబ్బాయి కుదువలోంచి నగలు విడిపించడాన్ని మొదటి కోటగా పెట్టుకున్నాడు. కర్నూలు మాటే ఎత్తలేదు. రెండు యూనిఫారం సీజన్లు గడిచాక నగలు ఇంటికొచ్చాయి. వాళ్లావిడ ఫోన్ చేసి చెప్పింది.

తానాజీ సంగతి మరిచిపోకండి. గెలుపు తిరిగొచ్చేటప్పుడు కూడా పోగొట్టుకునేది ఉంటుంది. తిరిగి లేవడం మొదలైతే ఇక నష్టం ఉండదని ఎవరికీ మాటివ్వను.

వెళ్లిపోయినవాళ్ల విషయం

నేతాజీ పాల్కర్ బిజాపూరు నుంచి మొఘలుల దగ్గర చేరాడు. తరువాత బందీ అయి, మతం మార్చబడి, కాబూలు వైపు యుద్ధాలకు పంపబడ్డాడు. పదేళ్లకు, 1676లో, శివాజీ దగ్గరికి తిరిగొచ్చాడు. శివాజీ ప్రాయశ్చిత్తం చేయించి మళ్లీ కలుపుకున్నాడు. మీ కష్టంలో వదిలివెళ్లినవాళ్ల పేర్లు రాసుకోవచ్చు, కానీ పెన్సిలుతో రాయండి.

బాగున్నప్పుడు రెండో చోటు

ఇది మన నేలకు సంబంధించిన భాగం. 1677లో శివాజీ ఓడిన మనిషి కాదు, ఛత్రపతి. ఆ ఏడు పెద్ద సేనతో భాగ్యనగరం వచ్చాడు. ఊళ్లో ఎవరి సొత్తూ ముట్టకూడదని సైనికులకు గట్టిగా ఆజ్ఞ. గోల్కొండ సుల్తాను అబుల్ హసన్ తానీషా, మంత్రులు మాదన్న, అక్కన్న ఆదరించారు. సొమ్ము, ఫిరంగుల సాయం కుదిరింది. దక్షిణానికి వెళ్తూ శ్రీశైలం వచ్చి మల్లికార్జునుణ్ణి సేవించాడు. ఆలయం ఉత్తర గోపురాన్ని ఇప్పటికీ శివాజీ గోపురమనే అంటారు. పిల్లలను ఆత్మకూరు, దోర్నాల మీదుగా అక్కడికి తీసుకెళ్లినప్పుడల్లా ఆ గోపురం కిందే 1677 పాఠం చెప్పేదాన్ని.

అక్కడి నుంచి వెళ్లి జింజి పట్టుకున్నాడు. మహారాష్ట్రకు అంత దూరాన తమిళదేశంలో కోట ఎందుకని అప్పట్లో అనిపించి ఉంటుంది. శివాజీ పోయిన తొమ్మిదేళ్లకు, 1689లో, ఔరంగజేబు శంభాజీని చంపించాడు, రాయగఢ్ పడిపోయింది. రెండో కొడుకు రాజారాం తప్పించుకుని ఎక్కడికి చేరాడు? జింజికి. మొఘలులు 1690లో ముట్టడి మొదలుపెట్టి 1698 జనవరి దాకా దాని చుట్టూ కూర్చోవలసి వచ్చింది. కోట పడేలోపు రాజారాం మళ్లీ బయటపడ్డాడు.

మీరు తిరిగి లేచాక ఈ కాగితం పారేయకండి. ఆదాయం నిలకడగా ఉన్న ఏడాదిలో మీ జింజి ఎక్కడో రాయండి. రెండో పని నేర్చుకోవడం కావచ్చు, ఊళ్లో రెండెకరాలు కావచ్చు, భార్య పేరున వేరే చిన్న రాబడి కావచ్చు. అవసరం పడ్డాక వెతికితే దొరకదు.

తీసుకోకూడనివి

నాయకుడు చేసినదంతా పాఠం అనుకోవడం నాకు నచ్చదు. సూరత్ వర్తకులు రెండుసార్లు దోపిడీకి గురయ్యారు. యుద్ధకాలపు రాజులు ఖజానా నింపుకున్న తీరు అది. మన ఇబ్బంది తీరడానికి ఇంకొకరి ఇల్లు ఖాళీ చేయడానికి అది ఉదాహరణ కాదు. అప్పుల్లో ఉన్నవాళ్లు తెలిసినవాళ్ల చేత చీటీలు కట్టించి ఆ డబ్బుతో తమ బాకీలు తీర్చుకోవడం చూశాను. శివాజీ పేరు చెప్పి దాన్ని సమర్థించవద్దు. అలాగే, ఇదంతా చేసినవాళ్లందరూ లేస్తారనీ చెప్పను. శంభాజీ తొమ్మిదేళ్లు ఎడతెగకుండా పోరాడి ప్రాణమే ఇచ్చాడు.

శివాజీ మీకు దగ్గరగా అనిపించకపోతే ఇదే పద్ధతిని వేరొకరి మీద పెట్టి చూడండి. 1540లో కనౌజ్ దగ్గర ఓడి, 1555లో ఢిల్లీకి తిరిగొచ్చిన హుమాయూన్ ఉన్నాడు. మధ్యలో పదిహేనేళ్లు రాయాలి. ఇందిరా గాంధీ 1977లో రాయబరేలీలో ఓడి, 1978లో చిక్కమగళూరు నుంచి గెలిచి, 1980లో మన మెదక్ నుంచి కూడా గెలిచారు. ఆమెను తీసుకుంటే ఎమర్జెన్సీలో ఏం జరిగిందో ముందు చదవాలి. ఎందుకు ఓడారో తెలియకుండా ఎలా లేచారో రాస్తే వరుస తప్పుతుంది. ఎవరిని తీసుకున్నా గీతతోనే మొదలుపెట్టండి, తేదీలన్నీ వేశాక ఖాళీ ఎక్కడుందో చూసి అక్కడి నుంచి చదవండి. ఆ ఖాళీ గురించి రాసిన పుస్తకం మీ ఊరి గ్రంథాలయంలో దొరక్కపోతే లైబ్రేరియన్‌ను అడిగి జిల్లా కేంద్ర గ్రంథాలయం నుంచి తెప్పించుకోవచ్చు.